గంజాం గాలి

మొన్న పక్క ఫ్లాటు వాళ్ళమ్మాయి పెళ్ళికెళ్ళాను. ఫంక్షన్ హాలు వెనకవైపు మా ఆడపడుచుని వెతుక్కుంటూ పోతే అక్కడ బిర్యానీకి దమ్ వేస్తున్నారు. వంటాయన మూత పెట్టబోతూ ఒక సీసా వంచి నాలుగు చుక్కలు చిలకరించాడు. నెయ్యి, పుదీనా, వేయించిన ఉల్లిపాయ, అన్నిటినీ పక్కకి నెట్టేసి గుప్పున మొగలి వాసన. నేనక్కడే నిలబడిపోవడం చూసి "కేవ్డా నీళ్ళమ్మా" అన్నాడు. ఎక్కడివని అడిగితే "బేగంబజార్‌వి" అన్నాడు.

బేగంబజార్‌వి కావు నాయనా, మావి. ఒడిశాలో గంజాం జిల్లా సముద్రపుటొడ్డువి. దేశంలో అమ్ముడయ్యే కేవ్డా అత్తరూ, కేవ్డా నీళ్ళూ చాలామటుకు ఆ ఒక్క జిల్లా నుంచే వస్తాయి. పొయ్యి దగ్గర నిలబడి ఇదంతా అతనికేం చెబుతాం? ఇంటికొచ్చాక మాత్రం ఆ ఊళ్ళన్నీ ఒకటొకటే కళ్ళలో తిరగడం మొదలుపెట్టాయి.

*

మా నాన్నగారు రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. సొంతూరు ఇచ్ఛాపురం పక్క పల్లె. ఉద్యోగమంతా బరంపురానికీ ఖుర్దా రోడ్‌కీ మధ్యనే. అప్పట్లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే. ఈస్ట్ కోస్ట్ రైల్వే అన్నది 2003లో గానీ రాలేదు. బదిలీ అయినప్పుడల్లా సామాను గూడ్సులో, మేం పాసింజర్లో. ఛత్రపురం, గంజాం, హుమ్మా, రంభ, ఖల్లికోట్, బాలుగావ్, కాలుపాడా ఘాట్... ఎక్కాలు రాకముందే మాకీ స్టేషన్లు వరసన వచ్చేవి. మా తమ్ముడైతే వెనక నుంచి కూడా చెప్పేవాడు.

ఆ లైన్లో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. ఒక కిటికీలోంచి చూస్తే తూర్పు కనుమలు మీదికొచ్చేస్తుంటాయి, రెండో కిటికీలోంచి చిలికా నీళ్ళు. రెంటికీ మధ్య సన్నటి నేల. రైలూ, రోడ్డూ, ఊళ్ళూ, వరిచేలూ అన్నీ అందులోనే సర్దుకోవాలి. హుమ్మా దగ్గరికొచ్చేసరికి ఉప్పుమళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ తెలుపు చూడలేక కిటికీ షట్టర్లు దించేసేవాళ్ళు జనం. బళ్ళో మాస్టారు ఒడిశాకి 480 కిలోమీటర్ల తీరముందని చెప్పేవారు. పైన బాలాసోర్ వైపు చాందీపూర్‌లో ఆటుపోటుకి సముద్రం మైళ్ళ దూరం వెనక్కి పోతుందనీ, నడుమ మహానది డెల్టా బల్లపరుపుగా పచ్చగా ఉంటుందనీ, గనుల్లో తవ్విన ఇనుప ఖనిజమంతా పారాదీప్ రేవుకి పోతుందనీ అప్పజెప్పించేవారు. అవన్నీ పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. నాకు మటుకు ఆ రాష్ట్రమంటే ఈ సన్నటి నేలే.

*

ఛత్రపురంలో ఉన్నన్నాళ్ళూ వానలు పడితే చాలు ఊరి చుట్టుపక్కలంతా ఆ వాసనే. ఇసుక దిబ్బల మధ్యన, వాగు గట్ల మీద, చేలకి కంచెగా, ఎక్కడ చూసినా మొగలి పొదలు. పువ్వు తెల్లారకముందే కోసెయ్యాలి. ఎండ తగిలితే వాసన దిగిపోతుంది. ఆకు రెండంచులకీ ముళ్ళు, నడి ఈనెకి మళ్ళీ ముళ్ళు. కోసేవాళ్ళు చేతులకీ కాళ్ళకీ గోనెపీలికలు చుట్టుకుని, పొడుగాటి గెడకి కొడవలి కట్టుకుని చీకట్లో పోయేవాళ్ళు. మొగలి పొదలో నాగుపాముంటుందని మా మామ్మ మమ్మల్ని గట్టు దాటనిచ్చేది కాదు. తనకు మాత్రం రేకులు కావాలి, పెట్టెలో పట్టుచీరల మడతల్లో పెట్టుకోవడానికి. శివుడికి పనికిరాదు గానీ చీరలకి పనికొస్తుందని నాన్నగారు ఆవిడని ఏడిపించేవారు.

పూలు తూకానికి కాదు, లెక్కకి కొనేవాళ్ళు అత్తరు బట్టీవాళ్ళు. స్టేషన్ వెనక ఒక బట్టీ ఉండేది. బడి ఎగ్గొట్టి కాదు, బడి అయ్యాకే వెళ్ళి అక్కడ కూర్చునేదాన్ని. మట్టి పొయ్యి మీద రాగి డేగు, అంటే పెద్ద కాగు, అందులో పూలూ నీళ్ళూ. మూత చుట్టూ బంకమట్టీ దూదీ కలిపి మెత్తేవాడు. మూతలోంచి తాడు చుట్టిన వెదురు గొట్టం ఒకటి వాలుగా దిగి పక్కనున్న నీళ్ళ తొట్టిలోకి పోయేది. ఆ తొట్టిలో పొడుగు మెడ రాగి కుండ, దాన్ని భప్కా అంటారు. కుండలో ముందే గంధం నూనె పోసి ఉంచేవాడు. ఆవిరి గొట్టం గుండా వచ్చి చల్లబడి ఆ నూనెకి వాసన పట్టించాలి, అదీ పని. థర్మామీటరు లేదు, గడియారం లేదు. బట్టీ ముసలాయన నీళ్ళలో చెయ్యి పెట్టి కుండని తడిమేవాడు. వేడెక్కిందనుకుంటే పొయ్యిలోంచి ఓ కట్టె లాగి, తడిగుడ్డతో డేగు మూతని తుడిచేవాడు. సుయ్‌మనేది. మళ్ళీ కూర్చునేవాడు. సరుకు ఉత్తరప్రదేశ్‌లో అత్తర్ల ఊరు కనౌజ్‌కి పోయేది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు గానీ, వెళ్ళేటప్పుడు వాడేసిన దూది ముక్క ఒకటి ఇచ్చేవాడు. దాన్ని జామెట్రీ బాక్సులో దాచుకుంటే లెక్కల నోటుబుక్కంతా పెళ్ళివారిల్లులా ఉండేది.

అదే ఊళ్ళో 1980ల్లో ఇసుకలోంచి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ కర్మాగారం వచ్చింది. ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్. మేం గూళ్ళు కట్టుకుని ఆడిన ఇసుకకి అన్ని పేర్లున్నాయని అప్పుడు తెలిసింది.

*

రంభలో మా క్వార్టర్ నుంచి సరస్సు ఎంతో దూరం కాదు. శీతాకాలం రాత్రుళ్ళు పడుకుంటే ఒక పక్క నుంచి స్టేషన్లో బ్లాక్ గంట టింగుమనడం, ఇంకో పక్క నుంచి పక్షుల గోల. సైబీరియా నుంచీ కాస్పియన్ సముద్రం వైపు నుంచీ వస్తాయని నాన్నగారు చెబితే, వాటికి పాసులున్నాయా అని తమ్ముడడిగాడు. రైల్వే పిల్లలకి అంతకంటే ఏం తోస్తుంది? నాన్నగారు నైట్ డ్యూటీకి వెళ్ళేముందు చేతి దీపంలో కిరోసిన్ పోసి, ఎర్రద్దం, పచ్చద్దం పాత బనీను గుడ్డతో తుడుచుకునేవారు. ఆ కిరోసిన్ వాసనా, చేపల వాసనా కలిపి ఆయన చొక్కా వాసన.

చిలికా నీళ్ళు ఏడాది పొడుగునా ఒకలా ఉండవు. ఎండాకాలంలో ఉప్పన, వానలకి దయా, భార్గవి నదుల్లోంచి వరద దిగితే చప్పన. వానల్లో పదకొండు వందల చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుని, ఎండలకి తొమ్మిది వందలకి తగ్గిపోతుంది. ఆ లెక్క ప్రకారమే చేపలూ, రొయ్యలూ, పీతలూ. తెల్లారగట్ల బాలుగావ్ ప్లాట్‌ఫారమ్ నిండా బుట్టలుండేవి. ఐసూ పొట్టూ కప్పిన రొయ్యలు, తాళ్ళతో గోళ్ళు కట్టేసిన పీతలు, అన్నీ హౌరాకి. బండి రెండు నిముషాలే ఆగేది. బుట్టలెక్కించే కూలీల అరుపులు, కారిన నీళ్ళు, ఆ నీళ్ళలో జారిపడే ప్రయాణికులు. ఒకసారి కట్టు ఊడిన పీత ఒకటి నేరుగా ఫస్ట్ క్లాస్ పెట్టెలోకి నడిచిపోయింది. దాన్ని దింపడానికి పాయింట్స్‌మన్ ఎక్కాడు, బండి కదిలింది, మళ్ళీ ఖుర్దా రోడ్ నుంచి తిరుగు పాసింజర్లో దిగాడు, పీతతో సహా.

మకర సంక్రాంతికి కాళిజాయి దీవికి పడవ. పెళ్ళయి అత్తారింటికి పోతూ తుఫానులో మునిగిపోయిన పిల్ల అక్కడ అమ్మవారయిందంటారు. ఆ దీవి దగ్గరకొచ్చేసరికి పడవవాడు దండం పెట్టుకుని గానీ తెడ్డు వెయ్యడు. మా అమ్మకి ఆ కథ ఎన్నిసార్లు విన్నా కోపమే. "పిల్లని గాలివానలో పంపించినవాళ్ళకి బుద్ధుండాలి గానీ" అనేది.

తర్వాత్తర్వాత చిలికా పాడైంది. సముద్రంలోకి వెళ్ళే ముఖద్వారం ఇసుకతో పూడి, ఉప్పు తగ్గి, గుర్రపుడెక్కా నాచూ పట్టి, చేప పడటం మానేసింది. ఉన్న నీళ్ళలో రొయ్యల కోసం వలకంచెలు కట్టుకున్నారు పైనుంచి వచ్చిన డబ్బున్నవాళ్ళు. పాత జాలర్లకి పడవ తిప్పుకునే చోటు లేకుండా పోయింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక గానీ సరస్సు తేరుకోలేదు. చేపలు తిరిగొచ్చాయి, సాతపాడా దగ్గర ఇరావడీ డాల్ఫిన్లని చూడ్డానికి జనం వస్తున్నారు. మేమున్నప్పుడు వాటిని ఎవరూ డబ్బిచ్చి చూసేవాళ్ళు కాదు. వల చింపుతాయని తిట్టుకునేవాళ్ళు.

*

రంభలో పక్క క్వార్టర్ మావుసీ (ఒడియాలో పిన్ని) గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకాలు సగమే. మార్గశిరం లక్ష్మివారాల్లో ఆవిడ గుమ్మంలో బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, వేళ్ళతో ఝోటి వేసేది. వరికంకులు, లక్ష్మీదేవి పాదాలు, ధాన్యం రాశి. మా అమ్మ పక్కనే పొడిపిండితో చుక్కల ముగ్గు. ఆవిడ చేతి పని ఎండాక వారం ఉండేది, అమ్మది పిచ్చుకలు వచ్చేదాకా. రెండో ఏటికి అమ్మ కూడా తడిపిండికి మారిపోయింది. మావుసీ మా పులిహోర నేర్చుకుంది గానీ చింతపండు పిసినారితనంగా వేసేది.

జూన్ మధ్యలో రజ పండుగ. మూడ్రోజులు భూమిని దున్నకూడదు, తవ్వకూడదు, ఆడపిల్లలు పని ముట్టుకోకూడదు. కొత్త బట్టలు, చెట్టుకి ఉయ్యాల, నిప్పుల్లో కాల్చిన పోడ పిఠా. ఈ మూడ్రోజులూ మావుసీ నన్ను కూడా తన కూతుళ్ళలో కలిపేసుకునేది. నేను చీపురు పట్టుకుంటే చాలు గోడవతల నుంచి కేకలు. "మన పండగలొస్తే ఆడదానికి రెట్టింపు చాకిరీ, వీళ్ళ పండగొస్తే సెలవు" అని అమ్మ సణిగేది. నాకిప్పటికీ ఇందులో అమ్మదే రైటనిపిస్తుంది.

ఎండలు ముదిరితే రెండిళ్ళలోనూ మధ్యాహ్నం వంట లేదు. మాది చద్దన్నం, వాళ్ళది పఖాళ. ఒకటే. కాకపోతే వాళ్ళు నంజుకోవడానికి వేయించిన వడియాలు నలిపి, వెల్లుల్లీ ఉల్లిపాయా కలిపి చేసేవాళ్ళు. నాన్నగారు డ్యూటీ దిగి మావుసీ ఇంటి వాసన చూసి, "ఇవాళ నేనక్కడ తింటా" అని మొహం మీదే చెప్పేవారు. సాయంత్రానికి వాయవ్యాన నల్లటి మబ్బు లేచి కాలబైశాఖి వచ్చేది. ముందు దుమ్ము, తర్వాత రాలిన మామిడికాయలు, ఆ తర్వాతే వాన. మామిడికాయల కోసం మేము దుమ్ములోకే పరిగెత్తేవాళ్ళం.

*

అమ్మ పుట్టిల్లు బరంపురం. తాతయ్యది నేతపని. నట్టింట్లో గుంట మగ్గం, గుంటలో ఆయన కాళ్ళు, గోడకి వి.వి. గిరి ఫోటో. "రాష్ట్రపతి అయినాయన మనూళ్ళోనే పుట్టాడు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు, ఆయనేదో చుట్టమైనట్టు. బరంపురం పట్టుకి ఫోడ అంచు పెట్టింది పేరు. గుడి గోపురాల్లా వరసన నడిచే అంచు. దానికి మగ్గం మీద ఒక్కడు చాలడు, అంచు తిప్పడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. సెలవుల్లో ఆ పక్క మనిషిని నేనే. అరగంటకే పారిపోయేదాన్ని.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు తాతయ్య కుర్రాడు. గంజాం అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇంటి దస్తావేజులు తెలుగులో, మునిసిపాలిటీ రసీదులు ఒడియాలో, బీరువాలో రెండూ ఒకే గుడ్డమూటలో ఉండేవి. ఈ ఊరు వీళ్ళదా, వాళ్ళదా అని పెద్దవాళ్ళు గట్టిగా దెబ్బలాడుకున్న రోజులున్నాయట. మా కాలానికి అది అరుగు మీద కబురుకి దిగింది. వీధిలో ఎవరితో ఏ భాషలో తిట్టాలో అందరికీ తెలుసు.

ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి. ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి నేతవాళ్ళ పెద్ద దేశిబెహరా గారి వీధికి ఆడపడుచు లెక్క. యాత్రకి ఆ వీధిలోకి, అంటే పుట్టింటికి, వస్తుంది. చైత్రమాసం ఎండల్లో ఇంచుమించు నెలరోజులు ఊళ్ళో రాత్రి లేదు. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. పులివేషగాడి ఒంటికి రంగు పూయడం మా తాతయ్య అరుగు మీదే జరిగేది. ముందు పసుపు, అది ఆరాక నల్ల చారలు. ఆరేదాకా మనిషి చేతులు చాపుకుని నిలబడాలి, కూర్చుంటే చారలు అంటుకుపోతాయి. ఆ నిలబడ్డ పులికి అమ్మమ్మ స్పూనుతో మజ్జిగ తాగించేది.

*

గోపాల్‌పూర్ బరంపురానికి దగ్గరే. సముద్రంలో పాత జెట్టీ స్తంభాలు విరిగి నిలబడి ఉండేవి. ఒకప్పుడు ఇక్కణ్ణించి రంగూన్‌కి ఓడలు పోయేవి. అమ్మమ్మ వాళ్ళ పెద్దన్నయ్య అలా ఎక్కిపోయాడు, ధాన్యం మిల్లులో పనికి. కొన్నాళ్ళు మనియార్డర్లొచ్చాయి, తర్వాత రాలేదు. అమ్మమ్మ గోపాల్‌పూర్‌కి వస్తే నీళ్ళలో దిగేది కాదు, ఒడ్డునే కూర్చుని వేరుశనగలు తినేది.

అక్కడి జాలర్లని నోళియాలంటారు. మన తెలుగువాళ్ళే, పూరీలో పెంఠకటా దాకా ఉన్నారు. మేకు లేకుండా పలకలు తాడుతో కుట్టిన పడవలు వాళ్ళవి. "ఏటి బాబూ, బరంపరం నుంచా? ఈ యేడు సేప నేదు, గాలే ఉంది" అనేవారు నాన్నగారితో. ఋషికుల్య నది కలిసే చోట ఫిబ్రవరి, మార్చి రాత్రుళ్ళలో తాబేళ్ళు వేలల్లో ఒడ్డెక్కి గుడ్లు పెట్టి పోతాయి. పక్కనున్న పొడంపేట సముద్రానికి కోసుకుపోయింది. గోడలు విరిగి, జనం వెనక్కి జరిగి కొత్త ఇళ్ళు కట్టుకున్నారు. తాబేళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

దసరా దాటే వరకూ గాలి మాటే. "గోపాల్‌పూర్‌లో మూడో నంబరు ఎగరేశారట" అని స్టేషన్ ఫోన్లో వినగానే నాన్నగారు ఇంటికి కబురు పంపేవారు. అమ్మ బియ్యం, అగ్గిపెట్టెలు, మా సర్టిఫికెట్లు అటక మీదికెక్కించేది. 1999 అక్టోబరులో ఆ గాలి రెండుసార్లొచ్చింది. ముందొకటి గంజాం మీద. రెండు వారాలు తిరక్కుండానే, 29న, పారాదీప్ దగ్గర మహాతుఫాను. ఎరసమా వైపు సముద్రం ఊళ్ళ మీదికొచ్చి, రాష్ట్రంలో దాదాపు పదివేలమంది పోయారు. నాన్నగారప్పటికి రిటైరయ్యారు. రేడియో పక్కనే కూర్చుని, తనకి తెలిసిన స్టేషన్ల పేర్లు వస్తున్నాయేమో అని వినేవారు. 2013లో ఫైలిన్ నేరుగా గోపాల్‌పూర్ మీదికే వచ్చింది, దుర్గ పందిళ్ళు వేసి ఉండగా. ఈసారి తొమ్మిది లక్షలమందికి పైగా ముందే ఖాళీ చేయించారు. ఊళ్ళలో తుఫాను షెల్టర్లు ఉన్నాయి, పోలీసులు ఇల్లిల్లూ తిరిగారు. చెట్లు, స్తంభాలు, ఇళ్ళ కప్పులు, మొగలి పొదలు పోయాయి. మనుషులు పోయింది పదుల్లోనే. ఏ ప్రభుత్వాన్నీ ఊరికే పొగిడే అలవాటు నాకు లేదు గానీ, ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాలి.

*

తాతయ్య మగ్గం గుంట పూడ్చేసి గచ్చు చేశారు. ఇప్పుడు దాని మీద మా మావయ్య కొడుకు మోటారు సైకిలు పెట్టుకుంటాడు. అతని కొడుకు సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు పగిలే మోత, ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడకలు. గంజాం వాళ్ళు అక్కడ లక్షల్లో ఉన్నారు. పూరీ అహ్మదాబాద్ బండి బరంపురంలో ఆగితే జనరల్ పెట్టె దగ్గర కనిపించేది వాళ్ళే. ఒక సంచీ, నీళ్ళ సీసా, పక్కన అటుకుల మూట. పొలాల్లో నీళ్ళు లేక, నేతలో కూలి గిట్టక వెళ్ళినవాళ్ళు. అమ్మమ్మ అన్నయ్యలా కాకుండా వీళ్ళు తిరిగొస్తారు, ముఖ్యంగా యాత్రకి.

నిన్న ఫోన్ చేశాడు మావయ్య కొడుకు. "వదినా, వచ్చే యాత్రకి నువ్వు రావాల్సిందే. మావాడు పులివేషం మొక్కుకున్నాడు" అన్నాడు.

"టికెట్లు దొరుకుతాయేంట్రా? కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఎప్పుడు చూసినా వెయిటింగ్ లిస్టే."

"దొరక్కపోతే ఇచ్ఛాపురం దాకా బస్సులో వచ్చెయ్. పాతిక కిలోమీటర్లు, నేను బండేసుకొస్తా. ఉస్మానియా బిస్కట్లు రెండు కిలోలు తే. పోయినసారి తెచ్చినవి సగం పొడే."